6 మి.మీ. షాఫ్టులు, సెంటర్ల మధ్య టర్నింగ్: పని ఎంతవరకొచ్చింది

పని ఇది: మోడల్ ఆవిరి ఇంజనుకు లేత్ మీద నాలుగు షాఫ్టులు తీయడం. పొడవు 120 మి.మీ., ఒళ్లు 6 మి.మీ., రెండు కొసల్లో 12 మి.మీ. మేర 5 మి.మీ. జర్నళ్లు (బుష్‌లో తిరిగే సన్న భాగాలు). మెటీరియల్ 8 మి.మీ. ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) బ్రైట్ బార్, గాజువాక ఆటోనగర్‌లో కొన్నది. తెచ్చిన రోజే నూనె పట్టించి ప్లాస్టిక్ కవర్లో చుట్టెయ్యాలి. వైజాగ్ సముద్రపు గాలికి వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా ఎర్ర చుక్కలు లేస్తాయి.

ఇంత సన్న పనికి చక్ (బార్‌ను దవడలతో పట్టేది) వద్దు. తిరగేసి పట్టినప్పుడు రెండు జర్నళ్లూ ఒకే గీతలో ఉండాలంటే సెంటర్లే, అంటే బార్ కొసల గుంటల్లో ఆనే మొనలే, దిక్కు. బార్‌ను తిప్పే డ్రైవింగ్ ప్లేట్ లేదని ఆగక్కర్లేదు. మెత్తటి స్టీల్ ముక్కను మూడు దవడల చక్‌లో పట్టి, కాంపౌండ్ స్లైడ్ (టూల్‌ను కోణంలో నడిపేది) 30 డిగ్రీలకు తిప్పి, అక్కడికక్కడే 60 డిగ్రీల మొన తీస్తే అదే సెంటర్. క్యారియర్ (బార్‌కు బిగించే క్లాంపు) తోకను చక్ దవడే నెడుతుంది. ఆ ముక్కను చక్ నుంచి విప్పితే మాత్రం మళ్లీ ఒక కట్ తీసుకోవాల్సిందే.

సెంటర్ డ్రిల్ 1.6 మి.మీ. మొనది. కోన్ నోరు 3 మి.మీ. చేరగానే ఆపాలి, ఇంకా దింపితే 5 మి.మీ. జర్నల్‌కు అంచు మిగలదు. క్యారియర్ తోక చక్ ముఖానికి తగలకూడదు. తగిలితే బార్ సెంటర్ మీద పూర్తిగా కూర్చోదు, షాఫ్టు ఊగుతుంది. టైల్ స్టాక్ (బార్ కుడి కొసను ఆనించే భాగం) వైపు రివాల్వింగ్ సెంటర్ (బార్‌తో పాటు తిరిగేది) పెడితే దాని బొద్దు ఒళ్లు టూల్‌కు అడ్డం. అందుకే ముందు వైపు అరగదీసిన హాఫ్ సెంటర్, మాలిబ్డినం గ్రీజుతో.

స్పీడు: హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 25 మీటర్ల లెక్కన 8 మి.మీ. బార్‌కు 1000 ఆర్‌పీఎం దాకా వస్తుంది. కానీ క్యారియర్ ఒంటి పక్క బరువు, పైగా చొక్కా చేతిని లాక్కునే రకం. 700 చాలు. ఫీడు, అంటే టూల్ పొడవున జరిగేది, చుట్టుకు 0.05 మి.మీ.

అసలు తలనొప్పి బార్ నడుం దగ్గర. మొదటి షాఫ్టు ఫినిష్ కట్ తర్వాత మైక్రోమీటర్ రీడింగులు: టైల్ వైపు 6.02, మధ్యలో 6.09, హెడ్ (చక్) వైపు 6.02. ఇలా కనబడగానే చాలామంది చేయి టైల్ స్టాక్ బోల్టు మీదికి పోతుంది. అది తప్పు మందు. టైల్ స్టాక్ పక్కకు జరిగి ఉంటే ఒక కొస నుంచి ఇంకో కొసకు వరసగా పెరగాలి, మధ్యలో ఉబ్బదు. ఇక్కడ బార్ టూల్‌కు లొంగి వెనక్కి వంగుతోంది. లెక్క చూడండి: 6 మి.మీ. స్టీలు, 120 మి.మీ. దూరం, నడుం మీద అటూ ఇటూగా 2 కిలోల తోపు. మధ్యలో 0.05 మి.మీ. వంగుతుంది, డయామీటర్‌లో 0.1 తేడా. దూరం సగమైతే వంపు ఎనిమిదో వంతు.

మందు మూడు చోట్ల. టూల్ పక్క అంచు బార్‌కు నిలువుగా 90 డిగ్రీలు, ముక్కు గుండ్రం 0.2 మించకుండా, అప్పుడు తోపు ఎక్కువగా పొడవునే పోతుంది, అడ్డంగా తక్కువ. టూల్ ఎత్తు సరిగ్గా సెంటర్ లైనుకు. మూడోది ఫాలోవర్ స్టెడీ, టూల్ వెంటే నడుస్తూ బార్‌ను ఆనుకునే ఆసరా. ముందు టైల్ వైపు 15 మి.మీ. తిప్పి, ఆ తాజా నునుపు మీద ఇత్తడి దవడలను, ఒకటి వెనక, ఒకటి పైన, టూల్‌కు 2–3 మి.మీ. కుడిగా ఆనించాలి. ఆనిందా లేదా అన్నంత మెత్తగా. గట్టిగా బిగిస్తే బార్ టూల్ మీదికి వచ్చి సన్నబడుతుంది, ఆ సన్నచోటు దవడ కిందికి రాగానే లావవుతుంది, పొడవునా అలలు. ప్రతి కట్‌కూ సైజు మారుతుంది కాబట్టి దవడలు ప్రతిసారీ మళ్లీ సర్దాలి. విసుగే, తప్పదు.

వేడి సంగతి కూడా ఉంది. 40 డిగ్రీలు వేడెక్కితే 120 మి.మీ. బార్ 0.05 మి.మీ.కు పైగా సాగుతుంది. సాగడానికి చోటు లేక విల్లులా వంగుతుంది, చాటర్ (టూల్ అదురు) మొదలవుతుంది. కట్‌కు కట్‌కు మధ్య టైల్ స్టాక్ కాస్త వదులు చేసి, గ్రీజు పెట్టి మళ్లీ తాకించాలి.

నిజంగానే టేపర్ (ఒక కొసకు లావు) ఉందేమో అని విడిగా రెండు కాలర్లతో (ఉబ్బెత్తు పట్టీలు) ఉన్న లావు బార్ మీద చూస్తే, 80 మి.మీ. ఎడంలో టైల్ వైపు 0.04 లావు. జరపాల్సింది అందులో సగం, 0.02; పూర్తి 120కి 0.03. టైల్ లావుంటే దాన్ని మన వైపు జరపాలి. టైల్ స్టాక్ బ్యారెల్ మీద డయల్ గేజ్ పెట్టి సరిగ్గా ఆ 0.03 జరపడమైంది.

రెండో షాఫ్టు, ఫాలోవర్‌తో: 6.2 దాకా రఫింగ్, 0.1 లోతు ఫినిష్, తర్వాత లోతు పెంచకుండా ఇంకో స్ప్రింగ్ కట్. రీడింగులు 6.01, 6.02, 6.01. 600 ఎమరీతో ఆ మిగులు పోతుంది. ఒళ్లు, కుడి జర్నల్ అయ్యాక తిరగేసి, పూర్తయిన జర్నల్‌కు రాగి రేకు చుట్టి క్యారియర్ బిగిస్తే రెండో జర్నల్ తీయొచ్చు. 5 మి.మీ. రీమర్ చేసిన బుష్‌లో ఆడాలంటే 4.98–4.99 దగ్గర ఆపాలి.

మిగిలిన రెండు బార్లకు సెంటర్లు పడ్డాయి. మొదటి షాఫ్టు నడుం మళ్లీ ఫాలోవర్ కిందికి వెళ్లాలి, దానికింకా 0.09 మిగిలే ఉంది.