గోల్ కీపర్ లేని ఆట

పిల్లల ఫుట్‌బాల్ కోచ్‌గా మొదటి శనివారం మైదానానికి వెళ్ళేలోపు పదిహేడు నియమాలూ చదివేశాను. ఫుట్‌బాల్‌కి ప్రపంచమంతా పాటించే నియమాలు సరిగ్గా 17. అందులో పదకొండోది ఆఫ్‌సైడ్, అంటే బంతి కన్నా, అవతలి జట్టువాళ్ళ కన్నా ముందే గోలు దగ్గర కాచుకుని ఉండి బంతి అందుకోకూడదని. అదొక్కటీ బుర్రకెక్కడానికి వంటగట్టు మీద చెంచాలూ గ్లాసులూ పేర్చుకుని మా ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. తీరా అక్కడికి వెళ్తే లీగు నడిపే ఆవిడ ఒకటిన్నర పేజీల కాగితం చేతిలో పెట్టింది. మొదటి వాక్యం: ఈ వయసుకి ఆఫ్‌సైడ్ లేదు. రెండో వాక్యం: గోల్ కీపర్ ఉండడు.

నేను కోచ్ అయింది ఆట తెలిసి కాదు. "మీ అబ్బాయి టీముకి ఎవరూ ముందుకు రాలేదు, ఎవరో ఒకరు రాకపోతే టీము ఉండదు" అని మెయిల్ వచ్చింది. అంతకుముందు నేను బంతిని తన్నింది ఎప్పుడంటే, ఎవరి బంతో దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికొస్తే వాళ్ళది వాళ్ళకి పంపడానికి. సరదా లీగులు చాలావరకు ఇలాంటి అమ్మానాన్నలతోనే నడుస్తాయని తర్వాత తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

మాది ఎనిమిదేళ్ళలోపు విభాగం. అమెరికా సాకర్ (అక్కడ ఫుట్‌బాల్‌ని అలాగే అంటారు) సమాఖ్య ఈ వయసుకి పెట్టిన కొలతలు ఇవీ: జట్టుకి నలుగురు. మైదానం 25 నుంచి 35 గజాల పొడవు, 15 నుంచి 25 గజాల వెడల్పు. గోలు 4 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు దాటకూడదు. పెద్దవాళ్ళది 8 అడుగుల ఎత్తు, 24 అడుగుల వెడల్పు అని గుర్తు తెచ్చుకుంటే ఇదెంత బుల్లిదో తెలుస్తుంది. బంతి మూడో సైజు, అంటే చిన్నది. పదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు.

"ఇదేం ఆట, బొమ్మల పెళ్ళిలా ఉందే" అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు కూడా. రెండో వారం ప్రాక్టీసులో పక్క టీము కోచ్‌తో మాట్లాడి, పిల్లలందర్నీ కలిపి, పెద్ద బంతితో పెద్ద ఆట పెట్టించాను. బెల్లం చుట్టూ ఈగల్లా పన్నెండు మంది బంతి చుట్టూ మూగారు. బంతి ఎక్కడుందో నాకే కనబడలేదు. మా టీములో రెండు జడల పిల్ల ఒకతి ఉంది, మాట తక్కువ. ఆ గుంపుకి దూరంగా గడ్డి పీకుతూ కూర్చుండిపోయింది. ఇరవై నిమిషాల్లో ఆ పిల్ల కాలికి బంతి ఒక్కసారి తగిలింది, అదీ ఎవరో తంతే వచ్చి తగిలింది. అదే పిల్ల శనివారం నలుగురి ఆటలో ఊపిరాడనంతగా పరిగెత్తింది. నలుగురిలో దాక్కోడానికి చోటుండదు మరి. బంతి తప్పించుకుందామన్నా అదే వెతుక్కుంటూ వస్తుంది. ఆ తర్వాత కాగితానికి ఎదురు చెప్పడం మానేశాను.

మానేశాను అన్నాను గానీ, గోల్ కీపర్ విషయంలో ఒకసారి దొంగపని చేశాను. మూడో మ్యాచిలో అవతలి జట్టు వరసగా గోల్స్ వేస్తుంటే, మా పొడుగు పిల్లాణ్ణి పిలిచి చెవిలో, "నువ్వు గోలు ముందే ఉండరా, ఎక్కడికీ వెళ్ళకు" అన్నాను. చేతులు వాడకపోతే గోల్ కీపర్ కాడు కదా, డిఫెండర్ అనొచ్చు కదా అని నా లాయరు తెలివి. వాడు బుద్ధిగా నిలబడ్డాడు. గోల్స్ ఆగాయి. కాసేపయ్యాక చూస్తే వాడు బూటు కొనతో మట్టిలో ఇల్లు గీస్తున్నాడు, దానికి పొగగొట్టం కూడా పెట్టాడు. బంతి వాడి పక్కనుంచే వెళ్ళి గోల్లో పడింది, వాడు తలెత్తలేదు. మ్యాచి అయ్యాక లీగు ఆవిడ దగ్గరికొచ్చి కోప్పడలేదు. "ఇవాళ వాడు ఎంతసేపు ఆడాడంటారు?" అని మాత్రం అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయటికెళ్ళిన బంతిని చేతులతో విసరడం కూడా మాకు లేదు, గీత మీద పెట్టి కాలితోనే లోపలికి పంపాలి. విసరమంటే సగం మంది తమ పాదాల మీదే పడేసుకుంటారు, దాని చుట్టూ మళ్ళీ ఓ పంచాయితీ. తప్పు జరిగితే ఇచ్చే ఫ్రీకిక్కులన్నీ పరోక్షమే, అంటే తన్నినవాడి కాలినుంచి నేరుగా గోల్లోకి వెళ్తే చెల్లదు. పెనాల్టీ కిక్ లేదు. అవతలివాళ్ళు పది అడుగుల దూరంలో నిలబడాలి. పది అడుగులంటే ఏడేళ్ళ పిల్లలకి ఏం తెలుస్తుంది? రిఫరీ పెద్ద పెద్ద అంగలు వేసి చూపిస్తే వాళ్ళూ ఆమె వెనకాలే అంగలు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళు.

తలతో కొట్టకూడదన్న నియమం గురించి అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేవారు, టీవీలో చూసేది అదే కాబట్టి. 2015 నవంబర్‌లో, తలకి తగిలే దెబ్బల మీద నడిచిన ఒక దావా రాజీతో ముగిసినప్పుడు, పదేళ్ళు, అంతకన్నా చిన్నవాళ్ళు బంతిని తలతో కొట్టకుండా నిషేధం పెడతామని సమాఖ్య ప్రకటించింది. కావాలని కొడితే అవతలి జట్టుకి ఫ్రీకిక్. పొరపాటున వచ్చి తగిలితే తప్పు కాదు. మావాడికి ఓసారి నుదుటికి తగిలింది. ఏడవలేదు గానీ రెండు చేతులూ పైకెత్తి "నేను కొట్టలేదు, అదే కొట్టింది!" అని రిఫరీ దగ్గరికి పరిగెత్తాడు.

చెవిపోగుల సంగతి మాత్రం నాకు మనసు కష్టం కలిగించింది. నగలేవీ ఉండకూడదు, పోగుల మీద టేపు అంటించుకుని ఆడతామన్నా కుదరదు. ఇది పెద్దవాళ్ళ నియమాల్లోనూ అలాగే ఉంది. సీజన్ మధ్యలో చెవులు కుట్టించుకుని వచ్చిన ఒక పాప, తీస్తే పూడిపోతాయని, మూడు వారాలు గీత బయటే కూర్చుంది. నియమం సరైనదే, ఒక చెయ్యి తగిలి పోగు లాగితే చెవి తెగుతుంది. కాకపోతే కుట్టించే ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఇప్పుడు సీజన్ మొదట్లో నేను పంపే మొదటి మెసేజ్ అదే. రెండోది, షిన్ గార్డులు (మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునేవి) మేజోళ్ళ లోపల ఉండాలి, బయట కాదు.

ఇక గోలు స్తంభాలు. అన్నింటికన్నా ముందు చెప్పాల్సింది ఇదేనేమో. మోసుకెళ్ళి పెట్టే గోలు స్తంభాలని నేలకి బిగించకుండా వదిలేస్తే ముందుకి ఒరిగి పడతాయి. వాటి కింద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఇది నేను కోచ్ అయ్యేదాకా నాకు తెలియదు. ఒకరోజు పావుగంట ముందే వెళ్ళాను. పక్క మైదానంలో పెద్ద గోలుకి ఇసుక బస్తాలు పెట్టలేదు, మావాళ్ళిద్దరు పైకడ్డీకి వేలాడుతూ ఊగుతున్నారు. వెనక కాళ్ళు రెండంగుళాలు లేచి కింద పడటం చూశాను. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. అప్పటినుంచి బస్తాలు చూడకుండా పిల్లల్ని గీత లోపలికి రానివ్వను, ఆట ఆలస్యమైనా సరే. ఉరుము వినిపిస్తే మైదానం ఖాళీ చెయ్యాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రాకూడదు. దీని మీద కూడా బేరాలు ఒప్పుకోను.

స్కోరు రాయకూడదనే నియమంతో నాకు పూర్తిగా పొత్తు కుదరలేదు. పట్టిక లేకపోవడం మంచిదే. కానీ పిల్లలు లెక్క పెట్టుకోకుండా ఉంటారా? రెండు జడల పిల్లని అడిగితే ఎవరు ఏ వైపు నుంచి వేశారో కూడా చెప్తుంది. "ఇవాళ గెలిచామా?" అని సూటిగా అడిగితే "అందరూ బాగా ఆడారు" అనమన్నారు నన్ను. నేననను. "వాళ్ళు మూడు ఎక్కువ వేశారు" అని చెప్పేస్తాను. వాళ్ళు "ఓ" అనేసి బంతి కోసం పోతారు. బాధంతా గీత బయట నిలబడ్డవాళ్ళదే.

బయట నిలబడ్డవాళ్ళకీ ఓ నియమం ఉంది. జట్లు ఒకవైపు, అమ్మానాన్నలు రెండోవైపు, గోలు వెనక ఎవరూ ఉండకూడదు, బయటినుంచి "కొట్టు, కొట్టు" అని ఆడించకూడదు. నేను ఇది అందరికీ చదివి వినిపించిన మనిషిని. ఆఖరి మ్యాచిలో మావాడి కాళ్ళ దగ్గర బంతి గీత మీద ఊగిసలాడుతోంది. "తన్నరా! బయటికి పోయింది, తన్నకు! తన్ను!" అని ఒక్క గుక్కలో మూడు మాటలూ నేనే అరిచాను. వాడు బిత్తరపోయి ఆగిపోయాడు. రిఫరీకి పద్నాలుగేళ్ళుంటాయి, కళ్ళజోడు. విజిల్ నోట్లోంచి తీసి, ఎంతో మర్యాదగా, "కోచ్, బంతి ఇంకా లోపలే ఉంది" అంది. అవతలి వైపు మా ఆయన నవ్వు ఆపుకోడానికి టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

వచ్చే ఏడాది మావాడు తొమ్మిదేళ్ళ విభాగంలోకి వెళ్తాడు. అక్కడ ఏడుగురి ఆట, నాలుగో సైజు బంతి, ఆఫ్‌సైడ్ కూడా ఉంది, చెంచాలూ గ్లాసులూ మళ్ళీ బయటికి తీయాలి. గోల్ కీపర్ కూడా ఉంటాడు. బంతి వాడి చేతుల్లో ఉన్నప్పుడు అవతలి జట్టు ఒక గీత వెనక్కి తగ్గాలట, వాడు బంతిని చేతిలోంచి వదిలి కాలితో ఎగరేసి తన్నకూడదట. మా పొడుగు పిల్లాడు అప్పుడే ఫోన్ చేయించాడు వాళ్ళమ్మ చేత. గ్లవ్స్ కొనిచ్చారట, రెండు రోజులుగా అవి వేసుకునే పడుకుంటున్నాడట. "ఈసారి నన్ను నిజంగానే నిలబెడతారా?" అని అడగమన్నాడట.