చైనాలో టీచరు ఉద్యోగం: నా పేరు, ఒక బ్యాంకు ఖాతా, 23 రోజులు

నిన్న, అంటే 2019 అక్టోబరు 22న, నా మొదటి జీతం ఖాతాలో పడింది. నేను చైనాలో దిగింది ఆగస్టు 20న. ఈ రెండు నెలల్లో ఏం జరిగిందో కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మన తెలుగువాళ్ళకి, అందులోనూ పొడుగు పేర్లున్నవాళ్ళకి, ఇది ముందే తెలిస్తే కొంత ఏడుపైనా తప్పుతుంది.

మాది కాకినాడ. హైదరాబాదులో ఏడేళ్ళు ఇంగ్లిష్ చెప్పాను, అంతకుముందు ఇంగ్లండులో ఎం.ఏ. చేశాను. ఇప్పుడు జెజియాంగ్ ప్రావిన్సులో షావోషింగ్ అనే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతున్నాను. ఊరి నిండా కాలవలే. మొదటిరోజు కాలవగట్టున బట్టలు ఉతుకుతున్న ముసలమ్మని చూసి కోనసీమలో మా పెద్దమ్మ వాళ్ళ ఊరు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ ఇంగ్లిష్ టీచరు ఉద్యోగానికి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులవాళ్ళకే ముందు పీట. నాకు ఇంగ్లండు డిగ్రీ ఉంది కాబట్టి దారి దొరికింది. ఆ డిగ్రీకి అక్కడి చైనా ఎంబసీ ముద్ర పడాల్సి వచ్చింది, ఆ పని లండన్‌లో ఉన్న నా స్నేహితురాలు చేసిపెట్టింది. పోలీసు క్లియరెన్సుకి మన విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద ఢిల్లీలో చైనా ఎంబసీ ముద్ర. వర్క్ పర్మిట్ నోటీసు స్కూలు పంపింది, దాంతో జెడ్ వీసా, అంటే ఉద్యోగానికి వచ్చేవాళ్ళకిచ్చే వీసా, వచ్చింది. ఓపిక ఉంటే చాలు, తెలివితేటలతో పనిలేదు.

ఏజెంట్లకి మాత్రం పైసా ఇవ్వకండి. పర్మిట్‌కి దరఖాస్తు పెట్టేది స్కూలే, ఏజెంటు కాదు. నా దగ్గర 60 వేలు అడిగినాయన ఇంకో సలహా కూడా ఇచ్చాడు: పిల్లల తల్లిదండ్రులు అడిగితే లండన్‌లో పుట్టి పెరిగానని చెప్పాలట. నేను మొదటి పేరెంట్స్ మీటింగులోనే ఇండియా మ్యాపు తెరమీద పెట్టి, కాకినాడ ఎక్కడుందో వేలుపెట్టి చూపించాను. ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు. పుట్టిన ఊరు దాచుకుని చేసే పంతులుద్యోగం నాకొద్దు.

దిగాక 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, చేయించాను. ఆరోగ్య పరీక్షకి ఒక ఉదయం పట్టింది: రక్తం, ఎక్స్‌రే, ఈసీజీ, స్కానింగు, కళ్ళు. చేతిలో కాగితం పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడమే. దిగిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవాలి. సెప్టెంబరు 12న పెట్టాను. పాస్‌పోర్టు వాళ్ళే ఉంచుకుని రసీదు ఇచ్చారు, 27న తిరిగిచ్చారు. పాస్‌పోర్టు అక్కడ ఉన్నన్నాళ్ళూ మనం ఏ పనీ చేయించుకోలేం. అందుకని దిగిన వారంలోనే ఫోన్ సిమ్ తీసుకోండి.

ఇక బ్యాంకు.

ఈ 2019లో ఇక్కడ బ్యాంకు కార్డు లేనివాళ్ళకి బతుకు గడవదు. కూరగాయలమ్మే ఆవిడ బండిమీద కూడా క్యూఆర్ కోడ్ అట్టముక్క వేలాడుతుంటుంది. నగదు తీసుకోననడం చట్టవిరుద్ధమని ఈ దేశపు కేంద్ర బ్యాంకు 2018లోనే ప్రకటించింది. ఆవిడ తీసుకోననలేదు కూడా. కానీ నా వంద యువాన్ల నోటుకి ఆవిడ దగ్గర చిల్లర ఉండదు. నేను దిగేనాటికి ఫోనులో డబ్బు కట్టాలంటే ఇక్కడి బ్యాంకు ఖాతా ఉండాల్సిందే, ఖాతా మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. నా కష్టమంతా ఆ పేరు దగ్గరే వచ్చింది.

నా పేరులో నాలుగు మాటలున్నాయి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి పుట్టాను నేను. తిరుపతి మొక్కుకి వెంకట. అన్నవరంలో వ్రతం చేయించుకున్నందుకు సత్య. అమ్మ ప్రతి నాగుల చవితికీ పుట్టలో పాలు పోసినందుకు నాగ. నాయనమ్మ పేరు లక్ష్మి. పైన పదకొండు అక్షరాల ఇంటిపేరు. ఇంగ్లిషులో అన్నీ కలిపి 34 అక్షరాలు, మధ్య ఖాళీలతో 38. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే వరసలో పేరుకి 39 గళ్ళుంటాయి. ఇంటిపేరు తర్వాత అక్కడ రెండు గుర్తులు పడతాయి కాబట్టి నా పేరు ఆ 39 గళ్ళనీ నింపేసింది. అంటే ప్రపంచంలో ఏ విమానాశ్రయానికైనా పట్టే పేరే నాది.

సెప్టెంబరు 29, ఆదివారం. అక్టోబరు మొదటి వారం జాతీయ దినోత్సవ సెలవులు కాబట్టి వాటికి బదులుగా ఆ ఆదివారం దేశమంతా పనిదినం. స్కూల్లో మా కాగితాలు చూసే అమ్మాయిని తోడు తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో అబ్బాయి టైపు చేస్తూ చేస్తూ, ఖాళీలు కూడా కలిపి ముప్ఫయ్యో అక్షరం దగ్గర ఆగిపోయాడు, గడి అక్కడికే అయిపోయిందన్నాడు. స్కూలు నుంచి ఎర్రముద్ర ఉత్తరం తెమ్మన్నాడు. సెలవులయ్యాక అక్టోబరు 8న, సరిగ్గా దసరా రోజు, ఉత్తరం పట్టుకెళ్ళాను. ముందు నాలుగు మాటలూ వేసి, ఇంటిపేరులో మూడు అక్షరాలు పట్టేసరికి అక్కడ కోసి కార్డు చేతిలో పెట్టాడు. అదేమిటంటే పర్వాలేదన్నాడు. పండగపూట పని అయిందని అమ్మకి వీచాట్‌లో ఫోన్ చేసి చెప్పుకున్నాను.

పని కాలేదు. పేమెంట్ యాప్ నా కార్డు తీసుకోలేదు: పేరు సరిపోలడం లేదు. ఆరుసార్లు రకరకాలుగా కొట్టి చూశాను.

అక్టోబరు 12, శనివారం, అదీ బదులు పనిదినమే, మళ్ళీ వెళ్ళాం. హాలు కిటకిటలాడుతోంది. ఈసారి మేనేజరు గారొచ్చారు. కార్డుమీది పేరూ పాస్‌పోర్టులోని పేరూ వేరు కాబట్టి, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు కావాలన్నారు. షాంఘై వెళ్ళి మా కాన్సులేట్ నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు. కార్డుమీద పేరు కోసింది మీరే కదా అని మా స్కూలు అమ్మాయితో అడిగించాను. ఆయన గొంతు పెంచారు. ఒక మనిషికి ఇన్ని పేర్లెందుకు అన్నారు. వెనక నించున్నవాళ్ళు పాస్‌పోర్టులోకి తొంగిచూశారు. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీశాడు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది, పాపం ఇరవైమూడేళ్ళ పిల్ల. మెల్లగా నావైపు తిరిగి ఇంగ్లిషులో అడిగింది: "టీచర్, వీటిల్లో రెండు ఎంచుకోగలరా?"

ఏ రెండు? వెంకన్నని వదిలెయ్యనా, నాయనమ్మని వదిలెయ్యనా? నోట మాట రాలేదు. కార్డు పర్సులో పెట్టుకుని బయటికొచ్చి, కాలవమీది రాతి వంతెన మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా నా పక్కనే కూర్చుంది.

కోపం ఎందుకంత వచ్చిందో చెబుతాను. నా క్లాసులో 36 మంది పిల్లలు. వాళ్ళకి ఇంగ్లిష్ పేర్లు పెట్టడం ఇక్కడ విదేశీ టీచరు పని. ఆపిల్, కోకో, స్కై అని పేర్లు పెట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు, నన్ను పెట్టమన్నవాళ్ళూ ఉన్నారు. పెట్టాను. కానీ రెండు వారాల్లో 36 మంది అసలు పేర్లూ నేర్చుకున్నాను, టోన్లతో సహా, అంటే గొంతు ఎక్కడ లేపాలో ఎక్కడ దించాలో అదీ కలిపి. టోను తప్పితే ఇక్కడ మాట అర్థమే మారిపోతుంది, అందుకని రాత్రిళ్ళు రికార్డు చేసుకుని విని, పొద్దున పిల్లలచేత దిద్దించుకున్నాను. మా స్కూల్లో ఆ పని చేసిన విదేశీ టీచరు నేనొక్కదాన్నే, ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. పిల్లలు కూడా నా పేరుకోసం తంటాలు పడ్డారు. లక్ష్మీదేవిని చైనా భాషలో లా కె షి మి అని రాస్తారు, చివరి మి అంటే బియ్యం. అందులోంచి ఒక పిల్ల "మి లావోషి" అని తీసింది. లావోషి అంటే టీచరు. లక్ష్మిలోంచి బియ్యం మిగిలింది, అంతకన్నా ఏం కావాలి? సెప్టెంబరు 10న, వాళ్ళ ఉపాధ్యాయ దినోత్సవానికి, 36 కార్డులమీదా ఆ పేరే రాసిచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్లలు ప్రేమగా చేసిన పని, కౌంటరు వెనక కూర్చున్న పెద్దమనుషులు చెయ్యలేకపోయారు.

15న జీతం వేశారు. పేరు సరిపోలలేదని 16న స్కూలుకే తిరిగి వెళ్ళిపోయింది. దక్షిణాఫ్రికా టీచరొకావిడ అడక్కుండానే వెయ్యి యువాన్లు చేతిలో పెట్టింది. ఆవిడ రుణం డబ్బుతో తీరేది కాదు.

దారి చూపించింది కచియావోలోని ఒక సింధీ పెద్దాయన. కచియావో ఈ షావోషింగ్‌లో భాగమే. పెద్ద బట్టల మార్కెట్టు, మనదేశం వ్యాపారులు బోలెడంతమంది. కందిపప్పు కోసం అక్కడ కొట్టుకి వెళ్ళి, నోట్లు లెక్కపెడుతుంటే, "బేటా, ఫోన్‌తో కట్టవా?" అని హిందీలో అడిగారాయన. కథంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. వాళ్ళ తమిళ గుమాస్తాకి అసలు ఇంటిపేరే లేదట, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీయేనట, అతనికి నాలుగు నెలలు పట్టిందట. బ్యాంకు మార్చక్కర్లేదమ్మా, బ్రాంచి మార్చు అని మార్కెట్టు పక్కనున్న బ్రాంచి చూపించారు.

శనివారం, 19న, ఒక్కదాన్నే వెళ్ళాను. అదే బ్యాంకు, అదే యూనిఫారం, అదే కంప్యూటరు. కౌంటర్లో నడివయసు ఆవిడ పాస్‌పోర్టు తెరిచి, ఫొటో పేజీ వదిలేసి, రెసిడెన్స్ పర్మిట్ అంటించిన పేజీ దగ్గర ఆగింది. దానిమీద పేరు ఎలా అచ్చయిందో అలాగే వెయ్యాలని సైగ చేసింది. విదేశీయుల కోసం వేరే పేజీ ఉందట, అది తెరిచింది. తెర నావైపు తిప్పి, ఒక్కొక్క అక్షరం నాచేత చదివిస్తూ, పెన్ను చివరతో ఖాళీలు లెక్కపెడుతూ, 34 అక్షరాలూ కొట్టింది. పదకొండు నిమిషాలు. పాత కార్డు రద్దు చేసి కొత్తదిచ్చింది. వచ్చేముందు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. ఆవిడ కూడా లేచి నిలబడింది.

కాబట్టి వచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోండి: సిమ్‌కి, బ్యాంకుకి, యాప్‌కి, మూడింటికీ పర్మిట్‌మీద పడిన వరసలోనే, ఖాళీలు కూడా అలాగే పెట్టి, పేరు రాయించండి. ఓకే నొక్కేముందు తెర చూపించమని అడగండి, సిగ్గుపడకండి. కార్డు తీసుకున్న కౌంటరు దగ్గరే యాప్‌లో సరిచూసుకోండి, ఇంటికొచ్చాక కాదు. రెండు నెలలకి సరిపడా నగదు, అదీ చిన్ననోట్లు, దగ్గర ఉంచుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు ఇండియాలోనే పాస్‌పోర్టు సరిచేయించుకుని మరీ బయలుదేరండి. పేరు కుదించుకోమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. కౌంటరు మార్చండి, బ్రాంచి మార్చండి, పేరు మార్చుకోకండి.

నిన్న సాయంత్రం జీతం పడ్డాక అదే కూరగాయలావిడ దగ్గరికి వెళ్ళాను. రెండు వంకాయలు, కాసిని పచ్చిమిరపకాయలు, ఒక ముల్లంగి తీసుకుని మొదటిసారి ఫోను చాపి కోడ్ కొట్టాను. బండికి కట్టిన స్పీకరు పద్నాలుగు యువాన్లు వచ్చాయని గట్టిగా చెప్పింది. ఆవిడ నా మొహం చూసి నవ్వి, రెండు ఉల్లికాడలు కొసరుగా సంచిలో పడేసింది. రాత్రి అమ్మకి ఫోనులో చెబితే అడిగిన మొదటిమాట: "కరివేపాకు కూడా వేసిందా తల్లీ?"