డిశ్చార్జి కాగితంలో లేని సంగతి

తలకి దెబ్బ తగిలిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్ళు చాలా జాగ్రత్తలు చెబుతారు. ఫిట్స్ రావచ్చు, వాంతులైతే వెంటనే తీసుకురండి, బండి నడపనివ్వొద్దు, మెట్లు దిగేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండండి. మా ఆవిడ అవన్నీ క్యాలెండర్ వెనక రాసిపెట్టుకుంది. భార్యాభర్తల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మేమూ అడగలేదు. 36 ఏళ్ళ మనిషి బతికి బయటపడ్డాడు, అదే పదివేలు అనుకుంటున్నవాళ్ళకి ఆ మాట అడగడానికి నోరెలా వస్తుంది?

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. కోల్డ్ స్టోరేజీలో సరుకు లెక్క చూడ్డానికి టిక్కీల (మిర్చి బస్తాల) మీదకెక్కితే పైవరస కదిలి, వెల్లకిలా సిమెంటు నేల మీద పడ్డాను. సీటీ స్కాన్‌లో నుదుటి వెనకున్న భాగంలో మెదడు కమిలిందని తేలింది. వెనక దెబ్బ తగిలితే ముందు ఎందుకు కమిలిందని మా బావమరిది అడిగాడట. పడ్డ ఊపుకి మెదడు లోపల కదిలి ఎదుటివైపు ఎముకకి కొట్టుకుంటుందని చెప్పారట. ఆపరేషన్ అవసరం పడలేదు. ఐసీయూ, వార్డు, తర్వాత ఇల్లు.

ఇంటికొచ్చాక ముందు తెలిసింది వాసన పోయిందని. ముక్కు నుంచి మెదడుకి వెళ్ళే నరాలు చాలా సన్నగా ఉంటాయి, పుర్రె అడుగు ఎముకలో చిల్లుల గుండా పోతాయి. పెద్ద కుదుపుకి అవి తెగిపోవచ్చు. తమాషా ఏంటంటే, యార్డులో అడుగుపెడితే నాకూ అందరిలాగే తుమ్ములు, దగ్గు వస్తాయి. ఘాటు మోసే నరం వేరు, అది బాగానే ఉంది. కాయ వాసన మాత్రం తెలియదు. మా ఆవిడ సాయంత్రం మల్లెపూలు పెట్టుకుని పక్కన కూర్చున్నా అంతే. తలలో తెల్లగా కనిపిస్తాయి, వాసన రాదు. దాంపత్యంలో వాసనకి అంత వాటా ఉంటుందని అది పోయినవాడికే అర్థమవుతుంది.

అసలు సమస్య వాసనతో ఆగలేదు. కోరికే లేదు. అది లేదని బాధ కూడా లేదు, జ్వరం వచ్చినవాడి ముందు విస్తరి వేసినట్టు. తెల్లవారుజామున మగవాళ్ళకి మామూలుగా కలిగే అంగస్తంభన కూడా ఆగిపోయింది. నీరసం ఎటూ ఉంది కాబట్టి అన్నీ దాని ఖాతాలోనే వేశాం. ఒకరోజు రాత్రి దీపం ఆర్పాక మా ఆవిడ, "ఏవండీ, నా మీద మనసు విరిగిందా మీకు?" అంది. కాదని చెప్పాను గానీ, మరి ఏమిటో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇలాంటి విషయం నలుగురిలో పడితే సలహాలకి కొదవుండదు. నరాల బలహీనత అన్నాడొకడు. ఊళ్ళో ఏ గోడ చూసినా అదే ప్రకటన కదా, ఫలానా వారం ఫలానా లాడ్జిలో గ్యారంటీ వైద్యం అని. మెడికల్ షాపులో ఒక మాత్ర దొరుకుతుంది, మింగితే చాలు అన్నాడు ఇంకొకడు. ఆ మాత్ర రక్తప్రసరణ పెంచుతుంది, కోరికని పుట్టించదు. గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు దాన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇవన్నీ ఆ సలహా ఇచ్చేవాళ్ళు చెప్పరు.

దారి దొరికింది బ్రాడీపేటలో మా మంగలి దగ్గర. "ఏంటి సార్, ఈ మధ్య గడ్డం సరిగ్గా పెరగట్లేదు మీకు?" అన్నాడు నురగ పూస్తూ. మా ఆవిడకి వేళాకోళంగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ చిన్నాన్న కూతురు నర్సు. ఆ అమ్మాయిని అడిగి, విజయవాడ సూర్యారావుపేటలో హార్మోన్ల డాక్టరుగారి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

డాక్టరుగారు నడివయసు ఆవిడ. గడ్డం సంగతి, చంకల్లో వెంట్రుకల సంగతి, పొద్దుటి సంగతి, ఏదో కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగారు. ఆ మామూలు గొంతుకే సగం సిగ్గు పోయింది నాకు. తర్వాత కాగితం మీద బొమ్మ గీశారు. మెదడు అడుగున పీయూష గ్రంథి. శనగగింజంత ఉంటుంది, సన్నటి కాడకి వేలాడుతూ ఎముక గుంటలో కూర్చుంటుంది. తలకి గట్టి కుదుపు వస్తే ఆ కాడ సాగొచ్చు, దానికి రక్తం తెచ్చే నాళాలు దెబ్బతినొచ్చు. వృషణాలకి పని చెప్పేది ఆ గ్రంథే. పైనుంచి ఆర్డరు రాకపోతే కింద ఫ్యాక్టరీ బాగున్నా టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తయారవదు.

పొద్దున ఎనిమిదింటికి, పరగడుపున రక్తం ఇవ్వమన్నారు. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది, మధ్యాహ్నం చేయించిన పరీక్షని నమ్మడానికి లేదట. మామూలుగా డెసిలీటరుకి 300 నానోగ్రాములు దాటాల్సింది నాకు అందులో సగం కూడా లేదు. ఇంత తగ్గినప్పుడు పీయూష గ్రంథి గాభరాపడి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా పంపాలి. నాకు అదీ తక్కువే. అంటే లోపం పైనే ఉంది. మరోరోజు మళ్ళీ చేయిస్తే అదే వచ్చింది. కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్లు కూడా చూశారు. కార్టిసాల్ పడిపోతే అది ప్రాణాపాయం, ముందు దాన్నే సరిచేయాలి. అదృష్టం, అవి బాగానే ఉన్నాయి. దెబ్బ తగిలిన కొత్తలో చాలామందికి టెస్టోస్టెరాన్ పడిపోయి, కొన్ని నెలల్లో దానంతటదే లేస్తుందని, నాకు ఏడాది కావస్తోంది కాబట్టి ఇక ఎదురుచూడక్కర్లేదని చెప్పారు.

అందరికీ కారణం హార్మోనే కాదు. ఫిట్స్ మాత్రల్లో కొన్ని, డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రలు చాలావరకు కోరికని తగ్గిస్తాయి. డిప్రెషన్ తానే తగ్గిస్తుంది. కొందరికి పూర్తిగా తిరగబడుతుంది. ఫిజియోథెరపీలో నా పక్కన ఒక పెద్దమనిషి ఉండేవాడు, పిల్లలకి పాఠాలు చెప్పినాయన. నుదుటి వెనక మెదడు నాకంటే బాగా దెబ్బతింది. ఆడవాళ్ళ ముందు అనకూడని మాటలు అనేవాడు, చేతులు ఊరుకునేవి కావు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికీ క్షమాపణ చెప్పేది. మంచీచెడూ చూసి ఆపే భాగం దెబ్బతింటే మనిషి అలా మారతాడని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బుద్ధి గడ్డి తిందనుకున్నారు.

వైద్యం దగ్గర ఇంకో మెలిక. "ఇంకా పిల్లలు కావాలా?" అని డాక్టరుగారు అడిగారు. మాకు ఒక పాప. ఇంకొకరు ఉంటే బాగుండునని ఇద్దరికీ ఉంది. అయితే టెస్టోస్టెరాన్ సూది వద్దన్నారు. బయటినుంచి అది ఇస్తే వృషణాలు పని మానేసి వీర్యకణాలు పడిపోతాయట. జిమ్‌లో ఎవరో చెప్పారని ఆ సూదులు వేయించుకునే కుర్రాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో! నాకు ఎల్‌హెచ్ చేసే పనే చేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు రాశారు. వారంలో రెండుసార్లు, ఫ్రిజ్‌లో పెట్టుకుని ఇంట్లోనే. మా ఆవిడే వేయడం నేర్చుకుంది, నాకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి.

మొదటిసారి చూసిన న్యూరోసర్జన్ గారికి రివ్యూలో ఈ రిపోర్టులన్నీ చూపించాను. కాసేపు చూసి, "మేం ప్రాణం దగ్గరే ఆగిపోతాం బాబూ, ఇదెవరూ వచ్చి చెప్పరు" అన్నారు. ఆయన మాటలో నిజముంది. కానీ మంచం మీద లేవలేని స్థితిలో ఉన్నవాడు ముందుగా నోరు తెరవాలనడం నాకు న్యాయంగా అనిపించలేదు, ఆ మాటే ఆయనతో అన్నాను.

కొన్ని నెలలకి కోరిక తిరిగొచ్చింది. పెళ్ళైన కొత్తలోలా కాదు, అలాగని లేకపోనూ లేదు. నీరసం వచ్చిన రోజు ఇద్దరం కబుర్లు చెప్పుకుని పడుకుంటాం. వీర్యకణాలు సరిపడా రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, అవసరమైతే ఇంకో ఇంజెక్షన్ కలుపుతామన్నారు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక మళ్ళీ పరీక్ష ఉంది.