అమ్మ ట్యాబ్‌కి పొట్ట వచ్చింది

పోయిన మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ కేకేసింది. "పాపా, దీనికి పొట్టొచ్చినట్టుందే, వచ్చి చూడు." గోడెక్కే పిల్లి సంగతేమో అనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే ట్యాబ్. స్క్రీను ఒక పక్క ఫ్రేములోంచి లేచి, సందులో అట్టముక్క దూరేంత ఖాళీ వచ్చింది.

2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్ అది. కాలేజీ తెరిచాక అమ్మ చేతికి పోయింది. పూజగది పక్క గూట్లో స్టాండు మీద నిలబెట్టి ఎస్వీబీసీ భక్తి ఛానల్ పెట్టుకుంటుంది. కల్యాణోత్సవం అయిపోతే సీరియళ్లు. ఛార్జర్ వైరు మాత్రం రాత్రీ పగలూ దానికే తగిలించి ఉంటుంది. ఆ గూడు పడమటి గోడలో ఉంది. తిరుపతి ఎండల్లో మధ్యాహ్నం మూడు దాటాక ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. పైగా పక్కనే వెలిగే దీపపు కుంది.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. 2019లో లిథియం అయాన్ బ్యాటరీకి గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ నోబెల్ వచ్చినప్పుడు సిలబస్ పక్కనపెట్టి మరీ దాని గురించి మాట్లాడాను. గుడ్‌ఎనఫ్‌కు అప్పటికి 97 ఏళ్లని చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంట్లో వైరు తీయమని చెప్పాలని మాత్రం నాకు తట్టలేదు.

నిండా ఛార్జ్ ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో రోజుల తరబడి ఉంటే లోపలి ద్రవం కొద్దికొద్దిగా విడిపోయి గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాసే పొట్ట. అలాంటిదాన్ని నొక్కకూడదు, సూది పెట్టి గుచ్చకూడదు, మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. వైరు పీకి, స్విచ్చాఫ్ చేసి, బాల్కనీలో నీడ పట్టున బండ మీద ఒంటరిగా పెట్టాను. మర్నాడు బస్టాండు దగ్గర రిపేరు షాపుకు తీసుకెళితే కుర్రాడు చూడగానే "పూజగదా, కిచెనా మేడమ్?" అన్నాడు. కొత్త బ్యాటరీకి రెండువేల ఎనిమిది వందలు అయింది.

నాయన ఇదంతా ఒప్పుకోలేదు. మా ఊళ్లో బ్యాటరీ అంటే చాలామందికి గుర్తొచ్చేది కరకంబాడి ఫ్యాక్టరీ, అంటే కార్లవీ ఇన్వర్టర్లవీ లెడ్ బ్యాటరీలు. నాయన ముప్పై ఏళ్లు అలాంటి బ్యాటరీలు అమ్మే షాపులోనే లెక్కలు రాశాడు. "బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాల. ఖాళీగా పెడితే చచ్చిపోతాది" అంటాడు. ఆయన చెప్పేది నిజమే, కాకపోతే ఇన్వర్టర్ బ్యాటరీ విషయంలో. దాన్ని దిగిపోయినట్టే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, మళ్లీ ఎక్కదు. మా తమ్ముడిది ఇంకో సూత్రం. పూర్తిగా సున్నా దాకా వాడి, అప్పుడే నూరు దాకా ఎక్కించాలంటాడు. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇద్దరూ ఎవరి బ్యాటరీకి తగ్గ మాట వాళ్లు చెబుతున్నారు. ట్యాబ్‌లో ఉన్నది ఆ రెండూ కాదు, లిథియం అయాన్. దీనికి నిండుగా ఉండటమూ కష్టమే, అడుగంటా ఖాళీ అవడమూ కష్టమే. మధ్యలో, 20కీ 80కీ నడుమ ఉంటే హాయి.

నాయనకు అర్థమయ్యేలా చెప్పడానికి కొండ మీద కంపార్ట్‌మెంట్లే సాయపడ్డాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గేటు తీసిన కాసేపటి దాకా జనం చకచకా వెళ్లి కూర్చుంటారు. నిండేకొద్దీ "జరగండి, సర్దుకోండి" అంటూ ఒక్కొక్కరినే దూర్చాలి. ఛార్జ్ ఎక్కేటప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీ లోపలి గ్రాఫైట్ పొరల్లోకి చేరడమూ ఇంచుమించు అంతే. అందుకే 80 దాకా పరుగెత్తిన ఛార్జింగ్ ఆ తర్వాత నత్తనడక నడుస్తుంది. ఆ చివరి ఇరవై కోసమే బ్యాటరీ ఎక్కువ వోల్టేజీ ఒత్తిడి భరించాలి. "అయితే ఆ ఇరవై మందినీ బయటే ఆపేయాల అంటావ్" అన్నాడు నాయన. అవును.

కొన్ని ట్యాబుల్లో సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద ఛార్జింగ్‌ను 80 దగ్గరో 85 దగ్గరో ఆపేసే ఆప్షన్ ఉంటుంది. మీదాంట్లో ఉంటే ఇప్పుడే ఆన్ చేసేయండి, మిగతాది చదవకపోయినా నష్టం లేదు. మాదాంట్లో లేదు. కాబట్టి అమ్మే ఆ ఆప్షన్. ముప్పై దగ్గర పెడితే అరగంట సీరియళ్లు రెండూ, మూడోదాంట్లో సగమూ అయ్యేసరికి 80 అవుతుంది. మొబైల్ అలారం కంటే ఈ లెక్కే నమ్మకంగా ఉంది. ఊరెళ్లేటప్పుడు నూరు నింపుకుంటుంది, నేనేం అనను. ఎప్పుడో ఒకసారి నిండితే ఏం కాదు, నిండి రోజులకొద్దీ వేడిలో ఉండటమే చెరుపు.

వేడి సంగతి నాకూ అనుభవమే. ఒకసారి ఎండలో స్కూటర్ డిక్కీలో నా ట్యాబ్ మర్చిపోయాను. గంట తర్వాత తీస్తే, చల్లబడేదాకా ఛార్జ్ ఎక్కదని స్క్రీను మీద చూపించింది. ఫ్రిజ్‌లో పెట్టమని మా స్టూడెంట్ సలహా. వద్దు, లోపల చెమ్మ పడుతుంది. నీడలో, ఫ్యాను కింద పెడితే చాలు. అలిపిరి దగ్గర కారులో ట్యాబ్ వదిలేసి కొండెక్కేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. ఛార్జింగ్ పెట్టినప్పుడు మందపాటి రెక్సిన్ కవరు తీసేస్తాం, పరుపు మీద అసలు పెట్టం.

ఛార్జ్ తొందరగా దిగిపోతుందనే వాళ్లు ముందు బ్రైట్‌నెస్ చూడండి. అమ్మది ఎప్పుడూ నిండా ఉండేది, సగానికి దించితే రెండు రోజులు గొణిగి అలవాటు పడింది. డార్క్ మోడ్ మామూలు ఎల్‌సీడీ స్క్రీనులో పెద్దగా ఆదా చేయదు, నల్లగా ఉన్నచోట వెలుగే ఆపేసే ఆమోలెడ్ స్క్రీను అయితేనే ఫలితం. సిమ్ ఉన్న ట్యాబ్‌ని ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఎయిరోప్లేన్ మోడ్‌లో పెడతాను. సిగ్నల్ అందని మలుపుల్లో అది టవర్ల కోసం వెతుక్కుంటూనే అలిసిపోతుంది. నెలరోజులు వాడని ట్యాబ్ ఏదైనా ఉంటే సగం ఛార్జ్‌లో, చల్లని బీరువాలో ఆపేసి పెట్టండి.

కొత్త బ్యాటరీ వేసి ఏడాది కావస్తోంది. స్టాండు ఇప్పుడు తూర్పు గోడకు మారింది, దీపానికి దూరంగా. నాయన ఇప్పటికీ హాల్లోంచి నడిచిపోతూ 80 దగ్గర వైరు తీసేసి ఉంటే ఒక్క క్షణం నిలబడతాడు, చెయ్యి ప్లగ్గు దాకా పోతుంది. అమ్మ సీరియల్ మీద నుంచి చూపు తిప్పకుండానే "ఏమండీ, దాన్ని ముట్టుకోబాకండి" అంటుంది. ఆయన డిస్టిల్డ్ వాటర్ సీసా పట్టుకుని ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లిపోతాడు.