కీమో అయిపోయాక మిగిలిన చెవి మోత, కాళ్ల తిమ్మిర్లు: నా అనుభవం

క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందుతో కీమో పూర్తయింది, స్కాన్ బాగుందన్నారు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పటికే నా రెండు చెవుల్లో సన్నగా కీచుమని ఒక శబ్దం మొదలైంది, అది ఆగడం లేదు. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. ప్రాణం దక్కింది కదా, ఇవేం పెద్ద విషయాలని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం, చుట్టూ ఉన్నవాళ్లూ అదే అంటారు. కానీ రాత్రి పడుకున్నాక ఆ మాట పనిచేయదు. ఇంట్లో చప్పుళ్లన్నీ ఆగిపోయేసరికి చెవిలో మోత ఎక్కువైనట్టుంటుంది, దుప్పటి తగిలితే చాలు పాదాలు మండుతాయి, ఒకదాన్ని మర్చిపోదామంటే ఇంకోటి గుర్తుచేస్తుంది.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది మందు ఆపేశాక కూడా తిమ్మిర్లు పెరగడం. కాలివేళ్ల చివర్లలో ఉన్నది పాదమంతా పాకి చీలమండల పైకి వచ్చింది, తర్వాత చేతివేళ్లు కూడా మొద్దుబారాయి. జబ్బు తిరగబెట్టిందేమో, వెన్నులోకి పాకిందేమో అని ఒకటే టెన్షన్. ఆంకాలజిస్ట్‌ని అడిగితే, ఈ మందు తీసుకున్నవాళ్లలో ఇది కనిపించేదేనని చెప్పారు. సిస్‌ప్లాటిన్‌లో ఉండే ప్లాటినం వెన్నుపాము పక్కనున్న నరకణాల్లో పేరుకుని ఉండిపోతుంది, అందుకే చివరి డోసు అయ్యాక కూడా కొన్ని నెలలపాటు నష్టం జరుగుతూనే ఉండి, ఆ తర్వాత నిలకడకు వస్తుందట. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే నేను ఎన్నో రాత్రులు అంత నరకం పడేదాన్ని కాదు. కీమో మొదలుపెట్టేటప్పుడు వాంతుల గురించి, జుట్టు గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఎవరూ అంత వివరంగా చెప్పరు, చెప్పాలి.

న్యూరాలజిస్ట్ దగ్గర జరిగింది ఒకటి బాగా గుర్తుండిపోయింది. ఆయన 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి దాని కాడను నా కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, అదురు ఎప్పుడు ఆగితే అప్పుడు చెప్పండన్నారు. ఫోర్క్ గుయ్‌మంటున్నట్టు చెవికి తెలుస్తోంది, వేలికి మాత్రం ఏమీ తెలియడం లేదు. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమన్నారు. మూసుకోగానే ఒంట్లో ఆసరా తీసేసినట్టు పక్కకి ఒరిగిపోయాను, ఆయన పట్టుకున్నారు. సబ్బు రాసుకుని కళ్లు మూసి ముఖం కడుక్కుంటుంటే నేనెందుకు తూలుతున్నానో అప్పుడు అర్థమైంది. పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు నరాలు సరిగ్గా చెప్పడం లేదు, అన్నాళ్లూ కళ్లే ఆ పని చేస్తూ వచ్చాయి. ఆ రోజు నుంచి ఒక చేత్తో వాష్‌బేసిన్ పట్టుకునే ముఖం కడుక్కుంటున్నాను, రాత్రి లైటు వేయకుండా బాత్రూమ్‌కి వెళ్లను.

వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో 2000 హెర్ట్జ్ దాకా గీత బాగానే ఉంది, ఆ పైన 8000 వైపు వెళ్లేకొద్దీ జారిపోయింది. నా చెవిలో మోత కూడా సరిగ్గా ఆ జారిపోయిన చోటి స్థాయిలోనే ఉందని ఆడియాలజిస్ట్ పరీక్ష చేసి చూపించారు. లోపలి చెవిలో కీచుమనే హెచ్చు స్థాయి శబ్దాలను పట్టుకునే రోమకణాలను సిస్‌ప్లాటిన్ ముందుగా దెబ్బతీస్తుంది, మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి కబురు రావడం తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది, అలా పెంచినప్పుడు వినిపించేదే ఈ మోత అని ఆవిడ చెప్పారు. నా పాదాల సంగతీ దాదాపు ఇంతే: ముట్టుకుంటే తెలియదు, ముట్టుకోకపోయినా మండుతుంది. రెండూ వేర్వేరు జబ్బులని ఇద్దరు డాక్టర్ల చుట్టూ తిరుగుతున్న నాకు ఆ మాటతో చాలా బరువు దిగింది.

ఇక ఏం పనిచేసింది అంటే, చెవికి అన్నిటికంటే ముందు హియరింగ్ ఎయిడ్. మాటలు వినిపిస్తున్నాయి కదా మళ్లీ ఇదెందుకు అనిపిస్తుంది, కానీ బయటి శబ్దం చెవిలోకి సరిగ్గా వెళ్తే మోత మీద ధ్యాస తగ్గుతుంది. రాత్రిపూట వాన చప్పుడు లాంటిది మోతను పూర్తిగా కప్పేయకుండా దానికంటే కొంచెం తక్కువగా పెట్టుకోమన్నారు, అప్పుడే మెదడు నెమ్మదిగా దానికి అలవాటు పడుతుందని. తర్వాత సీబీటీ. టిన్నిటస్‌కి, అంటే ఈ చెవి మోతకి, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటే నీ బాధంతా మానసికమని కొట్టిపారేయడం కాదు, శబ్దం ఉన్నా దాని వల్ల పుట్టే భయాన్ని, నిద్రలేమిని తగ్గించే పద్ధతి. నాకైతే నిద్ర తిరిగొచ్చింది దీనివల్లే.

పాదాల మంటకు డులాక్సెటిన్ ఇచ్చారు, 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 60కి పెంచారు. కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి అమెరికా ఆంకాలజీ సొసైటీ మార్గదర్శకాలు సిఫార్సు చేసింది ఈ ఒక్క మందునే. మంట తగ్గింది, మొద్దు మాత్రం అలాగే ఉంది, అది దీనితో పోదని ముందే చెప్పారు. కొందరిలో ఇదే మందు చెవి మోత పెంచుతుంది, సడన్‌గా ఆపేసినా వస్తుంది, అందుకే నా చెవి సంగతి చెప్పాకే మొదలుపెట్టారు. నాకు పెరగలేదు.

చెవి మోతకు జింకో (గింకో అనే చెట్టు ఆకుల సారం), జింక్ మాత్రలు వాడమని చాలామంది చెప్తారు. అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2014 మార్గదర్శకాలు వాటిని సిఫార్సు చేయొద్దనే చెప్పాయి. నరాల బలానికని అమ్మే విటమిన్ మాత్రలతో ఇంకా జాగ్రత్త, బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. బీ12 పరీక్ష చేయించుకుని, తక్కువ ఉంటే వేసుకోవడం వేరే విషయం.

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా సిస్‌ప్లాటిన్ వాడానని మొదటే చెప్తాను, ఎందుకంటే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ చెవిని ఇంకా పాడుచేయగలవు, వేరే మందు కుదిరితే అదే ఇస్తారు. పాదాలు రోజూ అద్దంతో కిందివైపు కూడా చూసుకుంటాను, దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి. నీళ్ల వేడి మోచేత్తో చూస్తాను. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా, ఉన్నట్టుండి వినికిడి పడిపోయినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ముఖ్యంగా చివరిదానికి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు, స్టెరాయిడ్ తొందరగా మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

మోత ఇంకా ఉంది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది, కానీ దాని గురించి రాస్తున్నాను కాబట్టి వినిపిస్తోంది, లేకపోతే చాలా గంటలు గుర్తుకు రాదు. మీరో మీవాళ్లో సిస్‌ప్లాటిన్ మొదలుపెట్టబోతుంటే మొదటి డోసుకు ముందే ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) తీయించమని డాక్టర్‌ని అడగండి. తర్వాత ఎంత తగ్గిందో పోల్చి చూడటానికి నా దగ్గర ఆ కాగితం లేదు.