ఎల్.కోట, ఎల్.ఎన్.పేట, చుక్కలు ఎక్కువైన ఫైళ్లు

ఫైలు పేరులో చుక్క ఒక్కటే ఉన్నంతవరకు అది ఏ రకం ఫైలన్న విషయంలో కోడ్ రాసుకునే ఎడిటర్లన్నీ (వీఎస్ కోడ్, విమ్, ఈమాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు) ఒకే మాట మీద ఉంటాయి. రెండోది చేరిందా, ఎవరి దారి వాళ్లది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ తంటా ఇంకాస్త ఎక్కువ, మనకు మండలాల పేర్లలోనే చుక్కలున్నాయి మరి: ఎస్.కోట, ఎల్.కోట, జి.సిగడాం, ఎల్.ఎన్.పేట.

పాత డాస్ కంప్యూటర్ల కాలంలో పేరుకు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు (చుక్క తర్వాతి తోకకు) 3, మధ్యలో ఒక్కటే చుక్క. ఫైళ్లను మూటకట్టినప్పుడు వచ్చే టార్.జీజెడ్ అన్న తోక టీజీజెడ్‌గా కుదించుకుపోయింది ఆ ఇరుకులోనే. లినక్స్ లాంటి యూనిక్స్ సిస్టమ్‌లకు మాత్రం పేరు మధ్యలోని చుక్క అన్నిటిలాంటి అక్షరమే. దానికి అర్థం చెప్పే పని ఎడిటర్ మీదే పడుతుంది.

వీఎస్ కోడ్‌లో ఎక్కువ పొడుగున సరిపోయిన ఎక్స్‌టెన్షన్‌దే గెలుపు. బ్లేడ్ (పీహెచ్‌పీ భాషలో వెబ్ పేజీల అచ్చులు రాసే పద్ధతి) కోసం అదనపు ప్లగిన్ వేసుకుని ఉంటే హోమ్.బ్లేడ్.పీహెచ్‌పీ అనే ఫైలు బ్లేడ్‌గానే తెరుచుకుంటుంది, పీహెచ్‌పీగా కాదు. అన్నిటికంటే ముందు మాత్రం మీ సెట్టింగ్స్‌లోని ఫైల్స్.అసోసియేషన్స్‌ను, అంటే ఏ తోకకు ఏ భాషో మీరు రాసుకున్న జాబితాను చూస్తుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. కింద కుడివైపు భాష పేరు నొక్కి, కన్ఫిగర్ ఫైల్ అసోసియేషన్ ఎంచుకుంటే, అది చివరి ముక్కను మాత్రమే తీసుకుంటుంది. బ్లేడ్ ఒక్కదాని కోసం నొక్కితే పీహెచ్‌పీ ఫైళ్లన్నీ బ్లేడ్ అయి కూర్చుంటాయి. ఆ మెనూ జోలికి పోకుండా సెట్టింగ్స్ జేసన్ తెరిచి, నక్షత్రం తర్వాత .బ్లేడ్.పీహెచ్‌పీ అని రెండు ముక్కలూ మీరే టైపు చేయండి.

విమ్‌కు ఇంకో మంచి గుణం ఉంది. తోకకు .ఒరిజ్, .బ్యాక్, .ఓల్డ్ లాంటి పాత కాపీల గుర్తులు తగిలించి ఉంటే వాటిని తీసేసి, మిగిలిన పేరుతో మళ్లీ వెతుకుతుంది. లెక్క.పీవై.ఒరిజ్ తెరిస్తే పైథాన్ కోడ్‌కు వేసే రంగులే వస్తాయి. ఈమాక్స్‌ కూడా ఇదే చేస్తుంది: ఆటో-మోడ్-ఆలిస్ట్ అనే దాని జాబితాలో ఒక వరుసకు మూడో విలువగా టీ ('అవును'కు గుర్తు) పెడితే, ఆ తోక తీసి మళ్లీ మొదటినుంచి చూడమని అర్థం. వీఎస్ కోడ్‌కు ఈ అలవాటు లేదు. .ఒరిజ్ ఫైళ్లు ఎక్కువగా చూసేవాళ్లు దానికీ ఒక అసోసియేషన్ రాసుకోవాల్సిందే.

విమ్‌లో సొంత నియమం కావాలంటే ఎఫ్‌టీడిటెక్ట్ ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి ఆటోకమాండ్ (ఫైలు తెరవగానే దానంతటదే నడిచే ఆదేశం) రాస్తాం. అందులో సెట్‌ఎఫ్ అనే ఆదేశం వాడితే పని జరగకపోవచ్చు. చివర .పీహెచ్‌పీ ఉంటే, అప్పటికే విమ్ లోపలి నియమం ఫైల్‌టైప్‌ను (ఫైలు రకాన్ని) పీహెచ్‌పీ అని ఖాయం చేసి ఉంటుంది, ఒకసారి ఖాయమైనదాన్ని సెట్‌ఎఫ్ ముట్టుకోదు. నేరుగా సెట్ ఫైల్‌టైప్ అని రాస్తేనే మారుతుంది. నియమం రాశాను, రంగులు మారలేదు అనేవాళ్లు ముందు ఈ ఒక్క మాట సరిచూసుకోండి.

ఇక మన మండలాలు. ఎల్.ఎన్.పేట అని ఎక్స్‌టెన్షన్ లేకుండా సేవ్ చేశారనుకోండి. కంప్యూటర్ లెక్కలో దాని ఎక్స్‌టెన్షన్ పేట! విమ్‌లో తోక తీసిన పేరు అడిగితే ఎల్.ఎన్ అని మాత్రమే ఇస్తుంది. పైథాన్‌లో ఫైలు పేర్ల పని చూసే పాత్‌లిబ్‌లో ఎల్.ఎన్.పేట.టార్.జీజెడ్‌కు సఫిక్సెస్ (తోకలు) అడిగితే నాలుగు వస్తాయి: .ఎన్, .పేట, .టార్, .జీజెడ్. అసలు ప్రమాదం మొదటి చుక్క దగ్గర పేరును నరికే స్క్రిప్టులతో. ఎల్.కోట, ఎల్.ఎన్.పేట రెండూ ఎల్ అయిపోతాయి. రెంటికీ ఎల్.పీడీఎఫ్ అనే పేరే వస్తుంది, రెండోది మొదటిదాని మీద రాసేస్తుంది. విజయనగరం జిల్లా మండలం కాగితం శ్రీకాకుళం జిల్లా మండలం కాగితం కింద మాయమవుతుంది, ఏ హెచ్చరికా ఉండదు. లక్కవరపుకోట, లక్ష్మీనర్సుపేట, శృంగవరపుకోట అని పూర్తి పేర్లు రాయడమే మేలు. నోరారా పలికే పేర్లు, రాయడానికి బద్ధకం ఎందుకు? పొట్టిగానే కావాలంటే చుక్క బదులు అండర్‌స్కోర్ పెట్టండి.

తెలుగు లిపిలో పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో లెక్క. లినక్స్‌లో ఫైళ్లను డిస్క్ మీద అమర్చే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక పేరుకు 255 బైట్లు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు చొప్పున పడతాయి. శ్రీకాకుళం చూడ్డానికి నాలుగు అక్షరాలే, కానీ లోపల శ, పొల్లు, ర, గుడి దీర్ఘం ఇలా పది గుర్తులు, అంటే 30 బైట్లు. విమ్ తన స్వాప్ ఫైలుకు (సేవ్ చేయకముందే రాసింది దాచిపెట్టే ఫైలుకు) ముందు ఒక చుక్క, వెనక .ఎస్‌డబ్ల్యూపీ కలిపి మరో 5 బైట్లు తగిలిస్తుంది. పేరు 250 దాటిందంటే ఫైలు తెరుచుకుంటుంది గానీ స్వాప్ తయారు కాదు. కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోయినట్టే.

విండోస్‌లో తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచే అలవాటు ఉంది కాబట్టి నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన జాబితా.సీఎస్‌వీ లోపల జాబితా.సీఎస్‌వీ.టీఎక్స్‌టీ అయి ఉండొచ్చు. 2000 మే నెలలో ఐలవ్‌యూ వైరస్ ఈ దాపరికాన్నే వాడుకుంది: .టీఎక్స్‌టీ కనిపించింది, వెనకున్న .వీబీఎస్ (నొక్కగానే నడిచే స్క్రిప్టు) కనిపించలేదు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు సేవ్ యాజ్ టైప్ దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకోండి.