లినక్స్‌కు మారిన మూడో వారం: వైఫై ఎందుకు తెగిపోతోందో చివరకు దొరికింది

ఈ ఆదివారం ఉదయం రౌటర్‌కు పంపిన 200 పింగ్‌లలో (లింకు సరిగా ఉందో లేదో చూసేందుకు పంపే చిన్న సందేశాలలో) 199 తిరిగి వచ్చాయి. మూడు వారాలుగా ఇదే పరీక్షలో ఒకసారి 37, ఒకసారి 41 చొప్పున దారిలోనే పోతూ ఉంటే చూసి విసిగిపోయిన నాకు ఆ అంకె కనిపించగానే కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు. అందుకే మిగతా పనులు పక్కన పెట్టి, కొలతలతో సహా అంతా రాసి పెడుతున్నాను.

హనుమకొండలోని మా ఇంట్లో ఉన్నది 2013లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఈ మదర్‌బోర్డులో లేదు. ప్రాసెసరూ 8 జీబీ మెమరీ నిక్షేపంగా పనిచేస్తుండగా పెట్టెను మూలన పడేయడానికి మనసు ఒప్పలేదు కాబట్టి, విండోస్‌కు బదులుగా వాడగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ 22ను ఎక్కించాను. మరో లినక్స్ రకమైన డెబియన్ నిలకడ మీద నాకు ఎంతో గౌరవం ఉంది కానీ, ఇంట్లో అందరూ వాడే యంత్రానికి మింటే తగినదని నా అభిప్రాయం. స్నాప్ అనే పద్ధతిలో వచ్చే ప్రోగ్రాముల ప్యాకేజీలను అది మొదటి నుంచే ఆపివేసి ఉంచడం కూడా నాకు నచ్చింది. ఇంట్లో వాళ్లకు కుదరకపోతే వెనక్కి వెళ్లే వీలుండాలని పాత హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా, యూఎస్‌బీ 3.0 డబ్బాలో బిగించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ పెట్టాను. ఈ నిర్ణయమే తరువాతి కథ అంతటికీ మూలమని అప్పుడు తెలియదు.

ప్రింటర్ మొదటి రోజే పనిచేసింది. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పది నిమిషాల్లో కుదిరింది. రెండు సిస్టమ్‌ల మధ్య గడియారంలో వచ్చిన అయిదున్నర గంటల తేడా ఒక్క ఆదేశంతో పోయింది.

వైఫై మాత్రం మొదటి సాయంత్రం నుంచే మొరాయించింది. ముందు గదిలో రౌటర్, మధ్యలో ఒక గోడ, వెనుక గదిలో కంప్యూటర్. మా నెట్ ప్లాను 40 ఎంబీపీఎస్, నా వైఫై అడాప్టర్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన చిన్న యూఎస్‌బీ ముక్క. విండోస్‌లో వేగం 37 వచ్చేది, 200 పింగ్‌లలో ఒక్కటీ పోయేది కాదు. లినక్స్‌లో అదే చోట, అదే అడాప్టర్‌తో వేగం 2 నుంచి 4 మధ్య ఊగిసలాడింది, 37 పింగ్‌లు పోయాయి, తిరిగి వచ్చినవాటి సగటు సమయం 3 మిల్లీసెకన్ల నుంచి 140కి పెరిగింది. నన్ను బాగా అయోమయంలో పడేసిన సంగతేమిటంటే, సిగ్నల్ బలం రెండింటిలోనూ మైనస్ 54 డీబీఎం దగ్గరే నిలకడగా ఉంది. అంత మంచి సిగ్నల్ ఉండి కూడా లింకు రేటు (అడాప్టరూ రౌటరూ మాట్లాడుకునే వేగం) 72.2 ఎంబీపీఎస్ నుంచి 6.5కు జారిపోయేది, మళ్లీ మళ్లీ పంపిన ప్యాకెట్ల లెక్క నిమిషాల్లో వేలకు చేరేది.

సహజంగానే అడాప్టర్‌ను నడిపే ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను అనుమానించాను. మొదట అడాప్టర్ విద్యుత్ పొదుపును నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫైలులో ఆపేస్తే 36 పోయాయి. దేశం కోడ్ సున్నా సున్నాగా ఉంటే దాన్ని భారతదేశానికి మార్చాను, 38 పోయాయి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను 6.8 నుంచి 6.14కు తీసుకుపోయినా 34 పోయాయి. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్ల వల్ల రద్దీ అయి ఉంటుందనుకుని ఛానల్‌ను 11 నుంచి 1కి మారిస్తే 29, 6కు మారిస్తే 41 పోయాయి. తెల్లవారుజామున నాలుగింటికి, వీధి అంతా నిద్రలో ఉన్నప్పుడు లేచి చూస్తే 33 పోయాయి కాబట్టి రద్దీ వాదన కూడా నిలవలేదు. అడాప్టర్‌ను పెట్టె వెనుక పోర్టుకు మారిస్తే అక్కడున్న ఇనుప బీరువా అడ్డుపడి సిగ్నలే మైనస్ 71కి పడిపోయింది, అందుకని మళ్లీ ముందుకే తెచ్చాను. కంప్యూటర్ పక్కనే పెట్టిన ఫోనులో వేగం 38 రావడంతో రౌటర్‌లోగానీ గదిలోగానీ లోపం లేదని తీర్మానించేశాను. ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తోందన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల రెండు వారాలు వృథా అయ్యాయి.

దారి చూపింది మా అమ్మాయి. శుక్రవారం రాత్రి ఊరి ఫొటోలను ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని చూస్తూ, "నాన్నా, కాపీ అయితున్నప్పుడే మౌస్ బాణం ఆగుతున్నది, చూసినవా?" అని అడిగింది. మౌస్ అప్పుడప్పుడు తడబడటం నేనూ గమనించాను, కానీ పాత గ్రాఫిక్స్ మీద మింట్ డెస్క్‌టాప్ అయిన సినమన్ బరువవుతోందేమో అనుకుని వదిలేశాను. మా మౌస్ వైర్‌లెస్, దానిదీ 2.4 గిగాహెర్ట్జే. పెట్టె ముందు భాగంలో రెండు నీలం పోర్టులు (యూఎస్‌బీ 3.0), వాటి కింద రెండు నల్లవి (యూఎస్‌బీ 2.0) ఉన్నాయి. ఒక నీలం పోర్టులో ఎస్‌ఎస్‌డీ, దానిని ఆనుకుని రెండోదానిలో వైఫై అడాప్టర్, కింద నల్లదానిలో మౌస్ రిసీవర్. అన్నీ కలిపి నాలుగు వేళ్ల వెడల్పులో ఉన్నాయి.

యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ అంతటా పరుచుకుంటుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రౌటర్ మాట గట్టిగానే వినిపిస్తున్నా, చెవి పక్కనే డప్పు మోగుతుంటే మాట అర్థం కానట్టే ఇదీను. సిగ్నల్ బలం తగ్గకుండానే లింకు రేటు పడిపోవడానికీ, ఏ ఛానల్‌కు మార్చినా ఫలితం లేకపోవడానికీ కారణం ఇదే.

శనివారం అంతా రుజువుల కోసమే కేటాయించాను. ఎస్‌ఎస్‌డీని ఊడదీసి, నల్ల పోర్టులోని పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను నేరుగా నడిపితే ఒక్క పింగ్ కూడా పోలేదు. అదే స్థితిలో ఎస్‌ఎస్‌డీని గుచ్చి ఏ పనీ చెప్పకుండా ఉంచితే 9 పోయాయి, దానిలోకి 4 జీబీ ఫైలు కాపీ చేస్తుండగా 61 పోయాయి. ఇంతవరకూ విండోస్‌ను నిర్దోషిగా ఎంచడానికి కారణం, అది తెరిచిన ప్రతిసారీ పొరపాటున లినక్స్ మొదలవకుండా నేను ఎస్‌ఎస్‌డీని తీసి పక్కన పెట్టడమే. ఈసారి దాన్ని ఉంచి, అందులో రెండు సిస్టమ్‌లూ చదవగల ఎక్స్‌ఫాట్ విభాగంలోకి కాపీ మొదలుపెట్టి విండోస్‌లోనే కొలిస్తే 58 పోయాయి. లినక్స్ మీదా దాని డ్రైవర్ మీదా మూడు వారాలుగా మోపిన నిందను ఆ క్షణమే వెనక్కి తీసుకున్నాను.

ఇక విరుగుడు సంగతి. ఎస్‌ఎస్‌డీని నల్ల పోర్టుకు మారిస్తే నష్టం సున్నా అయింది కానీ, చదివే వేగం సెకనుకు 410 ఎంబీ నుంచి 38కి, మొదలయ్యే సమయం 19 సెకన్ల నుంచి 47కు మారాయి కాబట్టి అది నాకు ఒప్పుదల కాలేదు. డబ్బాకు వంటింటి అల్యూమినియం రేకు చుట్టి చూస్తే నష్టం 37 నుంచి 22కు తగ్గింది, అంటే రొద కొంత డబ్బా నుంచే వస్తున్నా, కేబుల్ నుంచో కనెక్టర్ నుంచో కూడా వస్తోందన్న మాట. దూరమే అసలైన మందుగా తేలింది. అడాప్టర్‌ను పొడిగింపు తీగతో 30 సెంటీమీటర్లు జరిపితే 12 పోయాయి, ఒక మీటరు జరిపి బల్ల అంచున నిలబెడితే ఒక్కటే పోయింది, వేగం 36కు చేరింది. ఈ తీగ హనుమకొండ చౌరస్తాలోని ఒక దుకాణంలో దొరికింది. అడాప్టర్‌కు యూఎస్‌బీ 2.0 తీగ సరిపోతుంది కాబట్టి ఎక్కువ ధర పెట్టి 3.0 తీగ కొనవలసిన పని లేదు. మౌస్ రిసీవర్‌ను వెనుక నల్ల పోర్టుకు పంపాను, బాణం ఇప్పుడు తడబడటం లేదు.

తేలని విషయం ఇంకొకటి ఉంది. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మీటరు దూరంలో కూడా 3 నుంచి 5 పింగ్‌లు పోతున్నాయి. పెట్టె లోపల మదర్‌బోర్డు నుంచి ముందు పోర్టుల దాకా సాగే తీగ మీద కవచం పల్చగా ఉండి, అదే యాంటెన్నాలా పనిచేస్తోందేమోనని నా అనుమానం. ఎస్‌ఎస్‌డీని వెనుక నీలం పోర్టుకు మార్చి ఆ తీగను పక్కకు తప్పిస్తే తేడా తెలుస్తుంది, ఆ పరీక్ష రేపు రాత్రి చేస్తాను.

ఇంట్లో వాళ్లు ఈ మూడు వారాల్లో విండోస్‌ను ఒక్కసారి కూడా అడగలేదు కాబట్టి, వచ్చే ఆదివారం పెట్టె విప్పి ఎస్‌ఎస్‌డీని డబ్బాలో నుంచి తీసి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా తీగతో లోపలే బిగించాలని నిర్ణయించుకున్నాను. విభాగాలన్నీ యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు ఆధారంగానే నమోదై ఉన్నందువల్ల మింట్‌ను మళ్లీ ఎక్కించనక్కరలేదు, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) బూట్ క్రమం మారిస్తే చాలు. దానికి ముందు పాత హార్డ్‌డిస్కులోని ఫొటోలకూ మా నాన్నగారి ఉత్తరాల స్కాన్లకూ రెండో ప్రతి తీసుకోవాలి. సాటా డేటా తీగ ఇంట్లో ఉంది, పవర్ కనెక్టర్ ఖాళీగా ఒకటే మిగిలింది, అది డిస్కు దాకా అందుతుందో లేదో మూత తీసి చూడాలి. బిగించాక మళ్లీ 200 పింగ్‌లు పంపి, అడాప్టర్‌ను పాత నీలం పోర్టులోనే పెట్టి కొలుస్తాను.